తక్కువ ధరలో ఎక్కువ కాలం మన్నే సర్వైవల్ కత్తి ఏది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నాలుగైదు రోజుల పాటు అడవుల్లో, కొండల్లో నడిచే అలవాటు ఉంది. కత్తి ఒక్కటే కొనుక్కోవాలి. డబ్బు ఎక్కువ పెట్టలేరు, కానీ అది విరగకూడదు, ఏళ్ల తరబడి మన్నాలి. ఫుల్ ట్యాంగ్, అంటే బ్లేడు ఉక్కు పిడి చివరిదాకా వెళ్లడం, లేకపోతే పనికిరాదని అందరూ అంటున్నారు, నిజమేనా? స్టెయిన్‌లెస్ మంచిదా, కార్బన్ స్టీల్ మంచిదా? వీపు మీద రంపం పళ్లు, పిడిలో దిక్సూచి, అగ్గిపుల్లలు పెట్టుకునే డబ్బా ఉన్న కత్తి ఒకటి మీకు బాగా నచ్చింది, తీసుకోవచ్చా?

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. వద్దండీ. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

మిగతా వాటికి కలిపి నా సమాధానం: మడత పెట్టని కత్తి కొనండి. బ్లేడు 10 లేదా 11 సెంటీమీటర్లు, మందం 2.5 నుంచి 3.2 మిల్లీమీటర్లు, పళ్లు లేని సాదా అంచు, తడిచేతిలోనూ జారని పిడి, తలకిందులు చేసినా వదలని ప్లాస్టిక్ ఒర ఉండాలి. ఉక్కు స్టెయిన్‌లెస్ అయితే చాలు. ఈ వర్ణనకు సరిపోయే చౌక కత్తుల్లో అందరికీ తెలిసింది స్వీడన్‌లో తయారయ్యే మోరా కంపానియన్. అందులోనే 3.2 మిల్లీమీటర్ల మందంతో హెవీ డ్యూటీ రకం ఉంది, మీకు అది ఇంకా నప్పుతుంది. హుల్టాఫోర్స్ వాళ్లవీ ఇదే తరహావి. చూడటానికి వడ్రంగి పనిముట్లలా ఉంటాయి, వాటి గొప్పతనం అదే.

నేను కత్తులు అమ్మేవాణ్ణి కాదు. పదహారేళ్లుగా కొత్తవాళ్లను అడవి క్యాంపులకు తీసుకెళ్లి నిప్పు రాజేయడం, గుడారం వేయడం, దారి కనుక్కోవడం నేర్పుతున్నాను. అంటే ఏటా పదుల కొద్దీ కత్తులు నా కళ్ల ముందే మొద్దుబారతాయి, తుప్పు పడతాయి, మాయమవుతాయి. నా అభిప్రాయాలన్నీ అక్కడ ఏర్పడినవే.

"విరగకూడదు" అన్న మీ మాట దగ్గర కాసేపు ఆగుదాం. అందరూ భయపడేది విరగడం గురించే. కానీ నేను చూసిన కత్తుల్లో విరిగి పోయినవి చాలా తక్కువ. ఎక్కువ కత్తులు పోతాయి: ఒరలోంచి జారి పొదల్లోనో, వాగులోనో పడిపోతాయి. ఆ తర్వాత మొద్దుబారతాయి. యజమానికి పదును పెట్టడం రాదు కాబట్టి ఆ కత్తి బ్యాగులో ఉత్త బరువు. మూడోది తుప్పు. విరగడం అన్నిటికన్నా చివర, అదీ చాలాసార్లు కత్తితో చేయకూడని పని చేసినప్పుడే. కాబట్టి మన్నిక అంటే ఉక్కు ఎంత మందం అని మాత్రమే చూడకండి. పోకుండా ఉంటుందా, నేను పదును పెట్టుకోగలనా, తడిలో బతుకుతుందా, ఆ తర్వాత విరుగుతుందా అని అడగండి. ఈ వరసలో అడిగితే ఖరీదైన కత్తులు చాలా వరకు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి.

ఇప్పుడు ట్యాంగ్ సంగతి. బ్లేడు ఉక్కులో పిడి లోపలికి వెళ్లే భాగాన్ని ట్యాంగ్ అంటారు. పిడి ఆకారమంతా నిండి, చివరిదాకా వెళ్లి, రెండు పక్కలా చెక్క ముక్కలో ప్లాస్టిక్ ముక్కలో బిగిస్తే అది ఫుల్ ట్యాంగ్. సన్నగా పుల్లలా లోపలికి వెళ్తే స్టిక్ ట్యాంగ్. దీంట్లోనే బాగా సన్నబడి, చివర మరతో బిగించేదాన్ని ఎలుక తోక అంటారు, పేరుకు తగ్గట్టే ఉంటుంది.

ఫుల్ ట్యాంగ్ గట్టిది. పిడి పగిలిపోయినా ఉక్కుకు తాడు చుట్టుకుని పని నడిపించవచ్చు. ఇందులో వాదన లేదు. కానీ "ఫుల్ ట్యాంగ్ కాకపోతే బొమ్మ కత్తే" అనేది అతిశయోక్తి. ఫిన్లాండ్ వాళ్ల పుక్కో కత్తి తరతరాలుగా సన్నటి ట్యాంగ్‌తోనే చెక్క పనికీ వేటకూ వాడుకలో ఉంది. మోరా కంపానియన్‌లో కూడా ఉక్కు పిడి చివరిదాకా రాదు, కొంత దూరం వెళ్లి ఆగుతుంది. పిడి దాని చుట్టూ పోతపోసి ఉంటుంది. నా క్యాంపుల్లో అలాంటి కత్తులతోనే కొత్తవాళ్లు పుల్లలు చీలుస్తారు, కొయ్య చెక్కుతారు. ఆ కత్తులు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి.

విరిగేది ఎక్కడంటే, బ్లేడు వెడల్పు ఒక్కసారిగా తగ్గి ట్యాంగ్‌గా మారే మూల దగ్గర. ఆ మూల పదునైన లంబకోణంలా కోసి ఉంటే దెబ్బల బలమంతా అక్కడే పోగుపడి సన్నని పగులు మొదలవుతుంది. అదే మూలను గుండ్రంగా తీర్చి ఉంటే బలం చెదిరిపోతుంది. పాపం, పిడి తొడిగాక ఆ మూల మనకు కనిపించదు. అందుకే పేరున్న, ఒకే నమూనాను ఏళ్లుగా చేస్తూ వస్తున్న తయారీదారు దగ్గర కొనమంటాను. డబ్బు కాస్త ఎక్కువ పెట్టగలిగి, ఫుల్ ట్యాంగే కావాలంటే అదే మోరా వాళ్ల గార్బెర్గ్ ఉంది. బ్లేడు దాదాపు 11 సెంటీమీటర్లు, మందం 3.2, కంపానియన్ కంటే ధర కొన్ని రెట్లు ఎక్కువ. మీరు చెప్పిన నాలుగైదు రోజుల నడకలకు అది అవసరమని నేననుకోను.

ఇక మీకు నచ్చిన ఆ బోలు పిడి కత్తి. ఇరవై రెండేళ్ల వయసులో నేను కొన్న మొదటి కత్తి సరిగ్గా అదే. దాని మీద మోజు ఎంతంటే, రాత్రి పడుకునేటప్పుడు పక్కన పెట్టుకునేవాణ్ణి. రెండో ప్రయాణంలో మణికట్టంత కొయ్యను చీల్చబోతే, పిడి నా చేతిలో ఉంది, బ్లేడు కొయ్యలో ఉండిపోయింది. లోపల చూస్తే బ్లేడు తోక బొటనవేలు గోరంత కూడా లేదు, దాన్ని ఒక మరతో పిడికి బిగించారంతే. పిడిని బోలుగా చేయాలంటే ట్యాంగ్ ఉండాల్సిన చోటును ఖాళీ చేయాలి కదా, ఇంకేముంటుంది. బ్లేడునూ పిడినీ ఒకే ఉక్కు దిమ్మలోంచి మలిచిన బోలు పిడి కత్తులు లేకపోలేదు గానీ అవి మీ బడ్జెట్‌లోకి రావు. ఆ దిక్సూచి సంగతి చెప్పనక్కర్లేదు. ఉక్కు పక్కన పెట్టిన దిక్సూచి ఉత్తరాన్ని చూపిస్తుందో, ఉక్కునే చూపిస్తుందో దానికే తెలియాలి.

వీపు మీద రంపం పళ్లు కూడా ఇలాంటి అలంకారమే. మామూలు రంపానికి పళ్లు ఎడమకొకటి, కుడికొకటి వంగి ఉంటాయి. దానివల్ల కోత బ్లేడు మందం కంటే వెడల్పుగా పడి రంపం ఇరుక్కోకుండా కదులుతుంది. కత్తి వీపు మీద పళ్లు అలా వంగి ఉండవు. రెండు సెంటీమీటర్లు కోసేసరికి ఇరుక్కుంటుంది. పైగా ఆ పళ్ల వల్ల వీపును దుడ్డుకర్రతో కొట్టలేం, బొటనవేలు ఆనించి ఒత్తలేం. మీకు రంపం కావాలంటే మడిచే చిన్న రంపం విడిగా కొనుక్కోండి. కత్తి కంటే అదే ఎక్కువ కట్టెలు కోసిపెడుతుంది, నిజం.

సగం బ్లేడుకు పళ్లున్న కత్తులూ వద్దు. సన్నపని అంతా పిడికి దగ్గరగా ఉన్న అంచుతోనే చేస్తాం, సరిగ్గా అక్కడే పళ్లు పెడతారు. మామూలు సానరాయి మీద వాటికి పదును పట్టదు కూడా.

స్టెయిన్‌లెస్సా, కార్బన్ స్టీలా అన్నది కత్తుల వాళ్లు తెల్లవార్లూ వాదించుకోగల విషయం. మీకు కావలసినంత మాత్రం చెప్తాను.

ఉక్కులో కార్బన్ గట్టిదనాన్ని ఇస్తుంది, క్రోమియం తుప్పును ఆపుతుంది. 1095 అనే కార్బన్ స్టీల్‌లో కార్బన్ సుమారు 0.95 శాతం ఉంటుంది, క్రోమియం దాదాపు ఉండదు. త్వరగా పదునెక్కుతుంది, గట్టి దెబ్బలు ఓర్చుకుంటుంది, కానీ తడిపి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. చౌక స్వీడిష్ కత్తుల్లో వాడే 12సి27 స్టెయిన్‌లెస్‌లో కార్బన్ 0.6 శాతం, క్రోమియం 13.5 శాతం దాకా ఉంటాయి. పదును బాగానే నిలుస్తుంది, మామూలు సానరాయికి లొంగుతుంది, వానను పట్టించుకోదు. డీ2 అనే ఉక్కు ఇప్పుడు చౌక కత్తుల్లో ఎక్కువగా కనిపిస్తోంది. కార్బన్ 1.5 శాతం ఉండటంతో పదును చాలాకాలం నిలుస్తుంది. కానీ ఒకసారి పోయిందంటే అడవిలో చిన్న రాయితో మళ్లీ తెచ్చుకోవడం యాతన. పక్కకు వంగే బలానికి పెచ్చు ఊడే గుణం కూడా ఉంది. ఇంట్లో బాక్సులు కోయడానికి బాగుంటుంది, కొయ్య చీల్చడానికి నేను తీసుకెళ్లను.

420జే2, 3సీఆర్13 లాంటివి మెత్తటి ఉక్కులు. వాటిలో కార్బన్ దాదాపు 0.3 శాతమే. విరగవు, తుప్పూ పట్టవు, కానీ ఒక పూట పుల్లలు చెక్కేసరికి అంచు ఒరిగిపోతుంది. బ్లేడు మీద "440" అని మాత్రమే ఉంటే అనుమానించండి. 440లో ఎ, బి, సి రకాలున్నాయి. వాటిలో 440సికి కార్బన్ ఎక్కువ, అది మంచి ఉక్కు. మంచిదే వాడినవాడు ఆ "సి" అక్షరాన్ని దాచుకోడు కదా. "సర్జికల్ స్టీల్" అనేది ఫలానా ఉక్కు రకం పేరు కాదు, దాన్నిబట్టి మీకేమీ తెలియదు. "టాక్టికల్" అన్నా అంతే. అలల డిజైన్ ఉన్న చౌక డమాస్కస్ కత్తులైతే అసలే వద్దు, అందులో ఏ ఉక్కులు కలిపారో, ఎలా కాల్చారో కనుక్కునే దారి లేదు.

అసలు ఉక్కు పేరు కంటే దాన్ని ఎలా కాల్చి, చల్లార్చి, మళ్లీ సన్నవేడి మీద ఎలా పదను చేశారన్నది ముఖ్యం. ఒకే ఉక్కు ఒకరి చేతిలో గాజులా పెళుసుగా, ఇంకొకరి చేతిలో తీగలా మెత్తగా తయారవుతుంది. ఇలాంటి పనికత్తికి రాక్‌వెల్ సి కొలతలో 56 నుంచి 59 దాకా గట్టిదనం బాగుంటుంది. 62, 63 అని గొప్పగా రాసి ఉంటే అది సన్నటి వంటకత్తికి బాగుండవచ్చు గానీ, దుడ్డుకర్ర దెబ్బలు తినే కత్తికి కాదు.

మీకు స్టెయిన్‌లెస్ చెప్పడానికి అసలు కారణం ఉక్కు కాదు, మీరే. తడిసిన ప్రతిసారీ తుడిచి, సాయంత్రం నూనె రాసే మనిషి కార్బన్ స్టీల్ తీసుకోవచ్చు. మొదటి కత్తి కొనేవాళ్లలో అలాంటివాళ్లను నేను ఒక చేతివేళ్ల మీద లెక్కపెట్టగలను. నేనే ఒకసారి మంచి కార్బన్ కత్తిని తడి ఆరని తోలు ఒరలో పెట్టి అటక మీద మరిచిపోయాను. రెండు నెలల తర్వాత తీస్తే బ్లేడు నిండా మశూచి మచ్చల్లా గుంటలు. తోలు ఒర అందంగా ఉంటుంది కానీ నీళ్లు తాగి కూర్చుంటుంది. కత్తిని ఒరలో దాచడం కార్బన్ స్టీల్ వాళ్లు మానుకోవాల్సిన మొదటి అలవాటు.

మందం గురించి కాస్త గట్టిగానే చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. 6 మిల్లీమీటర్ల మందం, అరచేయంత వెడల్పు ఉన్న కత్తి చేతిలోకి తీసుకుంటే ధైర్యం వస్తుంది. దాంతో రెండు గంటలు పని చేయండి. ఒకసారి ఒక కుర్రాడు అలాంటిది తెచ్చాడు. వాన పడి కట్టెలన్నీ తడిసి ఉన్నాయి. లోపలి పొడికొయ్య తీసి, ఈకల్లా సన్నని పొరలు లేపి నిప్పంటించాలి. అతని కత్తి కొయ్యలోకి దిగడం లేదు, పైపైన దొర్లుతోంది. పొరలు రావడం లేదు, ముక్కలు ఊడుతున్నాయి. నా దగ్గరున్న రెండున్నర మిల్లీమీటర్ల కత్తి ఇచ్చాను. పది నిమిషాల్లో గుప్పెడు పొరలు తీశాడు. ఆ మందపాటి కత్తి అతను మళ్లీ తేలేదు. కత్తి పని కోయడం. దాన్ని గొడ్డలిగానూ గడ్డపారగానూ ఊహించుకుంటేనే అంత మందం కావాలనిపిస్తుంది.

మరి కొయ్య చీల్చాలంటే? సన్నకత్తితోనూ చీల్చవచ్చు. బ్లేడును కొయ్య తల మీద ఆనించి, వీపు మీద దుడ్డుకర్రతో కొడుతూ కిందికి దించుతాం, దీన్నే బేటనింగ్ అంటారు. మణికట్టు లావుకు మించని, ముడులు లేని, నిలువు నారలున్న కొయ్యను ఎంచుకోండి. బ్లేడు పొడవు కొయ్య లావు కంటే రెండు మూడు సెంటీమీటర్లయినా ఎక్కువుండాలి, కొట్టడానికి మొన బయటికి కనిపించాలి. ఇరుక్కుంటే పక్కకు మెలితిప్పకండి. కొయ్యతోనే చిన్న చీల చెక్కి ఆ పగుల్లో దిగ్గొట్టండి, కత్తి దానంతట అదే వదులవుతుంది. అంచు కింద రాయి ఉండకుండా చూసుకోండి. చివరి దెబ్బకు కొయ్య తెగి అంచు రాయిని కొట్టిందంటే ఆ సాయంత్రమంతా సానరాయితోనే గడుస్తుంది.

నిప్పు గురించి ఒక అపోహ ఉంది, అది కూడా తీర్చేద్దాం. గీకితే రవ్వలు రాల్చే కడ్డీని ఫెర్రో రాడ్ అంటారు, దాన్ని గీకడానికి కార్బన్ స్టీలే కావాలంటారు. అక్కర్లేదు. మండి రాలే రవ్వలు ఆ రాడ్‌వే, కత్తివి కావు. ఆ రవ్వల వేడి దాదాపు 3000 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. రాడ్‌ను గీకడానికి పదునైన మూల ఉంటే చాలు, పగిలిన గాజుముక్కైనా పనిచేస్తుంది. కార్బన్ స్టీల్ నిజంగా కావాల్సింది చెకుముకి రాయితో కొట్టేటప్పుడు, అక్కడ రవ్వలు ఉక్కు నుంచి వస్తాయి. కాబట్టి మీరు చూడాల్సింది కత్తి వీపు. దాని మూలలు 90 డిగ్రీల్లో పదునుగా ఉండాలి. చౌక కత్తుల్లో చాలావాటికి అవి గుండ్రంగా ఉంటాయి. కంగారు లేదు, బ్లేడు అంచుకు గుడ్డ చుట్టి వీపును ఆకురాయితో నాలుగుసార్లు సమంగా రుద్దితే మూలలు తేలతాయి. మొత్తం వీపు కాకుండా మొన వైపు సగం చేస్తే చాలు, పిడి దగ్గర బొటనవేలు ఆనే చోటు గుండ్రంగానే ఉండనివ్వండి. అంచుతో మాత్రం రాడ్ గీకకండి.

పిడి, ఒర. ఈ రెండిటినీ చూసేవాళ్లే తక్కువ.

పిడికి రబ్బరులాంటి పట్టు ఉన్న ప్లాస్టిక్ చాలు. వేళ్లు ముందుకు జారకుండా అంచు మొదలయ్యే చోట చిన్న గట్టు ఉండాలి. నా ఎడమ చూపుడువేలు మీద ఒక పొడవాటి మచ్చ ఉంది, అది గట్టు లేని నున్నటి చెక్కపిడి, వాన, తొందర కలిసి చేసిన పని. వేళ్ల ఆకారంలో లోతైన గాళ్లు ఉన్న పిడి మాత్రం వద్దు. అవి వేరెవరి వేళ్ల కొలతకో చేసినవి. పట్టు మార్చిన ప్రతిసారీ గుచ్చుకుని బొబ్బలెక్కిస్తాయి. రంగు ఆరెంజో, ఎరుపో తీసుకోండి. ఆకుపచ్చ, మట్టిరంగు మచ్చల పిడి ఫొటోలో బాగుంటుంది, ఎండుటాకుల్లో పడితే మాత్రం కళ్ల ముందే ఉన్నా దొరకదు.

ఒర సంగతికొస్తే, ఒకసారి వాగు దాటి అవతలి ఒడ్డుకు చేరాక నడుము తడుముకుంటే ఒర ఉంది, కత్తి లేదు. ఆ రోజు నుంచి ఏ కత్తి కొన్నా మొదటి పరీక్ష: కత్తిని ఒరలో పెట్టి, మంచం మీదో, పరుపు మీదో తలకిందులుగా పట్టుకుని గట్టిగా నాలుగుసార్లు విదల్చడం. రాలితే తిరిగి ఇచ్చేయడమే. ఏడాదికోసారి ఇదే పరీక్ష మళ్లీ చేయండి, ప్లాస్టిక్ ఒరలు వాడేకొద్దీ వదులవుతాయి. ఒర అడుగున నీళ్లు కారిపోయే రంధ్రం ఉందో లేదో కూడా చూడండి.

కత్తి చేతికొచ్చాక చూడాల్సినవి ఇంకొన్ని. పిడి వైపు నుంచి ఒక కన్ను మూసి బ్లేడు వెంట చూడండి, వంకర ఉంటే తెలిసిపోతుంది. అంచు పైకి లైటు పడేలా పట్టుకోండి: పదునైన అంచు వెలుగును వెనక్కి పంపదు, ఎక్కడైనా చుక్కలా మెరిస్తే అక్కడ మొద్దుగా ఉందనో, పెచ్చు ఊడిందనో అర్థం. పిడికీ బ్లేడుకూ మధ్య సందు, కదలిక ఉండకూడదు. మీరు ఎంచుకున్న మోడల్ ధర మిగతా చోట్ల కంటే మరీ తక్కువగా ఉంటే అది నకిలీ అయ్యే అవకాశం ఎక్కువ, పేరున్న చౌక కత్తులకే నకిలీలు వస్తాయి.

ఇప్పుడు అసలైన విషయం, పదును. నేను మోరా, హుల్టాఫోర్స్ కత్తులు ఎందుకు చెప్పానో ఇక్కడ అర్థమవుతుంది. వాటి అంచు తీర్చిన తీరును స్కాండీ గ్రైండ్ అంటారు. ఈ తరహా బ్లేడుకు రెండు పక్కలా ఒక వెడల్పాటి ఏటవాలు ఉంటుంది, అది నేరుగా అంచు దాకా దిగుతుంది. ఎన్ని డిగ్రీలు అని కొలవనక్కర్లేదు. ఆ ఏటవాలును సానరాయి మీద బల్లపరుపుగా ఆనించండి, కోణం దానంతట అదే కుదురుతుంది. కొత్తవాళ్లకు ఇంతకంటే సులువైన బ్లేడు లేదు.

రాయికి ఒక వైపు 400, మరో వైపు 1000 గ్రిట్ (గరుకు కొలత, అంకె పెరిగేకొద్దీ నున్నన) ఉన్నది చాలు. నీళ్లు చల్లి, ఏటవాలు ఆనించి, రాయి మీద నుంచి సన్నని పొర కోస్తున్నట్టు ముందుకు తోయండి. మొన దగ్గరికి వచ్చేటప్పుడు పిడిని కొంచెం పైకెత్తాలి, లేకపోతే ఆ వంపుకు పదును అందదు. ఒక వైపే చేస్తూ, అవతలి వైపు అంచు మీద వేలితో అడ్డంగా, మెల్లగా తడిమి చూడండి. సన్నని గరుకు తగులుతుంది. అది అంచు పొడవునా వచ్చిందంటే ఆ వైపు పని అయిపోయినట్టు, ఇప్పుడు తిప్పండి. చాలామంది ఈ గరుకు రాకముందే వైపు మారుస్తారు. గంటసేపు రుద్దినా పదును రాలేదని విసుక్కునేది అందుకే. ఎక్కడ రుద్దుతున్నారో తెలియకపోతే ఏటవాలు మీద మార్కర్ పెన్నుతో గీయండి. రెండుసార్లు రుద్ది చూస్తే, సిరా ఎక్కడ చెరిగిందో అక్కడే రాయి తగులుతోందని తెలుస్తుంది. చివర్లో పాత తోలు బెల్టు లోపలి వైపు, అంచును వెనక్కి లాగుతూ ఇరవై సార్లు రుద్దితే ఆ గరుకు పోయి అంచు మెరుగవుతుంది.

అడవిలో రాయి మరిచిపోతే పింగాణీ కప్పు తిరగేయండి. అడుగున మెరుపు పూత లేని గరుకు వలయం ఉంటుంది, దాని మీద రుద్దినా పూట గడుస్తుంది. రోజూ సాయంత్రం రెండు నిమిషాలు తోలు మీద రుద్దితే అసలు రాయి అవసరమే చాలా అరుదుగా వస్తుంది. మొద్దుబారిన కత్తితోనే చేతులు తెగుతాయి, దిగడం లేదని బలం పెడతాం, ఒక్కసారిగా జారుతుంది.

చేయకూడనివి కూడా చెప్పి ముగిస్తాను. డబ్బా మూతలు మొనతో పెరకకండి. అలా మొన విరిగిన కత్తులు నాలుగైదు చూశాను, అయినా అవి పనికిరానివి కావు, వీపు వైపు నుంచి ఆకురాయితో అరగదీస్తే కొత్త మొన వస్తుంది. మట్టి తవ్వకండి. చెట్టుకేసి విసరకండి. నిప్పులు కెలకకండి: బ్లేడు రంగు నీలంగా మారిందంటే గట్టిదనం పోయినట్టే, ఆ చోట ఇక పదును నిలవదు. కర్రకు కట్టి బల్లెం చేయడం సినిమాల్లో బాగుంటుంది. ఉన్న ఒక్క కత్తినీ విసిరేసే పని అది.

తొడ మీద పెట్టుకుని ఏదీ కోయకండి. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది, అక్కడ తెగితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, మోకాళ్లకు ముందు కోయండి. చేయి చాపినంత దూరంలో ఎవరూ ఉండకూడదు. కత్తితో పాటు గాయాల కట్టు సామాను తప్పనిసరి. ఇంకొకటి, మడత లేని కత్తిని ఎక్కడ, ఎంత పొడవు దాకా తీసుకెళ్లవచ్చన్నది ఒక్కో దేశంలో, ఒక్కో అభయారణ్యంలో ఒక్కోలా ఉంటుంది, వెళ్లే చోటి నిబంధన ముందే చూసుకోండి. విమానంలో చేతి సంచిలో పెట్టకూడదు, లగేజీలో వేయాలి.

డబ్బు ఎలా పంచాలంటే, మీరు కత్తికి అనుకున్న మొత్తంలో సగం లోపే కత్తికి పెట్టండి. మిగిలిన దాంతో రెండు వైపుల సానరాయి, మడిచే రంపం, ఫెర్రో రాడ్ కొనండి. ఇంకా మిగిలితే అదే కత్తి రెండోది కొని బ్యాగు అడుగున వేయండి, ఒకటి నడుముకు, ఒకటి బ్యాగులో. వాగులో నా కత్తి పోయిన రోజు నా దగ్గర ఆ రెండోది లేదు. మిగతా రెండు రోజులూ తోటివాణ్ణి కత్తి అడుక్కుంటూ తిరిగాను.